సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు

‘‘అమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్. పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరాలి. ఈ నెలలో మూడుసార్లు కారు మొరాయించింది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. పెట్రోలు పంపు పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నాడు మెకానిక్. మార్చేయమంటారా?’’ అని ఒంగోలు నుంచి ఒక పాఠకుడు అడిగారు. బండి పన్నెండేళ్ల నాటి పెట్రోలు కారు.

మార్చొద్దని నేననను. పంపే పోయి ఉండొచ్చు కూడా. కానీ మెకానిక్ ఏం చూసి ఆ మాట అన్నాడో మీ ఉత్తరంలో లేదు. తొమ్మిది వేలు పెట్టేముందు ఒక పది నిమిషాలు పెట్టి చూడండి. రూపాయి ఖర్చు లేదు. ఒకటే షరతు... ఈ పరీక్షలన్నీ బండి మొరాయించినప్పుడే చేయాలి. బాగా నడుస్తున్న బండిలో జబ్బు దొరకదు.

ముందుగా చెవితో మొదలుపెడదాం. ఇంట్లో ఎవరినైనా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. మీరు వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. ఏసీ ఫ్యాను, పాటలు ఆపేయాలి. సెల్ఫ్ కొట్టకుండా తాళం ‘ఆన్’ వరకే తిప్పమనండి. సీటు కింద నుంచి సన్నగా ‘జుయ్’మని రెండు సెకన్ల పాటు మోత వచ్చి ఆగిపోవాలి. ట్యాంకులో మునిగి ఉన్న పంపు, పైపుల్లోకి పెట్రోలు నింపుతున్న చప్పుడది. ఇంజిన్ తిరగడం మొదలైతేనే మళ్లీ అది పనిచేస్తుంది. అందుకని రెండు సెకన్లకే ఆగిపోయిందేమిటని కంగారుపడొద్దు.

ఆ మోత అసలు రాలేదా? అయినా సరే, పంపు చచ్చిపోయిందని అప్పుడే తీర్పు ఇవ్వకూడదు. బానెట్ కింద ఫ్యూజుల పెట్టె ఉంటుంది. ఏ ఫ్యూజు దేనిదో మూత లోపలివైపు బొమ్మ వేసి ఉంటుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి వెలుతురులో చూడండి. లోపలి తీగ తెగిందేమో తెలిసిపోతుంది. తర్వాత రిలే. చాలా కార్లలో హారన్‌కో, ఇంకో దానికో సరిగ్గా అదే నంబరు రిలే వాడతారు. నంబర్లు కలిస్తే రెండింటినీ అటుదిటు మార్చి చూడండి. బండి స్టార్ట్ అయిందా, మీ తొమ్మిది వేలు మిగిలినట్టే. రిలే ఖరీదు వందల్లోనే ఉంటుంది. పైగా ఒకరోజు పనిచేసి ఇంకోరోజు చేయకపోవడం రిలేలకు అలవాటే. ‘నెలలో మూడుసార్లు’ అన్న మీ మాట చదవగానే నాకు మొదట తట్టింది అదే.

కొన్ని పాత ఫియట్, ఫోర్డ్ కార్లలో ఇనర్షియా స్విచ్ అని ఒకటి ఉంటుంది. ఢీ కొన్నప్పుడు పెట్రోలు సరఫరా ఆపేస్తుంది. ఒక్కోసారి పెద్ద గుంతలో పడ్డా ఎగిరిపోతుంది. మీట నొక్కితే చాలు, బండి కదులుతుంది.

రిలే, ఫ్యూజు రెండూ బాగున్నాయి, మోత లేదు. ఇక్కడి నుంచి మెకానిక్‌ని పిలవండి, కానీ మీరు పక్కనే నిలబడండి. పంపుకు కరెంటు చేరుతోందో లేదో చూడమనండి. చాలా చిన్న కార్లలో వెనక సీటు ఎత్తితే పంపు కనెక్టర్ దొరుకుతుంది. మీటరు కన్నా టెస్ట్ ల్యాంపు పెట్టడం మేలు. తుప్పు పట్టిన వైరు కూడా మీటరు మీద 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. బల్బు పెడితే మినుకుమినుకుమంటూ గుట్టు బయటపెడుతుంది. తాళం ఆన్ చేసిన ఆ రెండు సెకన్లూ బల్బు ప్రకాశంగా వెలిగి, పంపు మాత్రం ఉలకకపోతే అప్పుడు నేరం పంపుదే. వెలగకపోయినా, మసకగా వెలిగినా వైర్లు చూడాలి, ఎర్త్ కూడా. ఎలుకల్ని మర్చిపోవద్దు. చెట్టు కింద పెట్టే బండికి వానాకాలంలో అవే అసలు శత్రువులు.

పాత మెకానిక్‌లకు ఒక చిట్కా తెలుసు. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు ట్యాంకు అడుగున పిడికిలితో నాలుగు పోట్లు పొడుస్తారు. పంపు మోటారులో కార్బన్ బ్రష్షులు అరిగిపోతే ఆ అదురుకి మళ్లీ తగులుకుని బండి లేస్తుంది. అలా లేస్తే సంతోషించకండి. పంపు ఆఖరి రోజుల్లో ఉందని అర్థం, ఆ రోజే షెడ్డుకి తీసుకెళ్లండి. డయాలసిస్ రోజున ఆ పిడికిలిని నమ్ముకోకూడదు.

ఇక మోత వస్తోంది, అయినా బండి లేవట్లేదు. ఇది ఇంకో కథ. తాళం ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్... మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ మోత ఆగేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే, రాత్రంతా పైపుల్లో నిలవాల్సిన ఒత్తిడి జారిపోతోందన్నమాట. పంపులోని వాల్వు లీకు కావచ్చు, ఇంజెక్టరు కారుతుండవచ్చు. పొద్దున్నే మొరాయించి మధ్యాహ్నం బుద్ధిగా ఉండే బండ్లలో చాలావాటి జబ్బు ఇదే. ప్రెషర్ గేజి పెడితే తేలిపోతుంది. చాలా పెట్రోలు కార్లలో 3 నుంచి 4 బార్ ఉండాలి, ఇంజిన్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు నిలవాలి. గేజి లేని షెడ్డులో పంపు మార్పించకండి. నా మాట కటువుగా ఉన్నా సరే.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు కూడా చూడండి. బొత్తిగా కదలకపోతే పెట్రోలు సంగతి పక్కనపెట్టి క్రాంక్ సెన్సర్ చూపించండి. డ్యాష్‌బోర్డు మీద తాళంబొమ్మ దీపం మిటమిటలాడుతుంటే ఇమ్మొబిలైజర్ గొడవ. పంపుది తప్పేం లేదు.

మరి ఫిల్టరు? అది ఒక్కసారిగా బండిని ఆపడం అరుదు. ముందు నెలల తరబడి చెబుతుంది. ఊళ్లో బాగానే వెళ్లి, హైవే మీద ఓవర్‌టేక్ చేయబోతే గుంజుకుంటుంది. ఘాట్‌లో నీరసపడుతుంది. ఫిల్టరు మూసుకుపోయిన కొద్దీ పంపు మీద భారం పెరిగి అదీ పోతుంది. ఇప్పటి కార్లు చాలావాటిలో ఫిల్టరు పంపుతో కలిసి ట్యాంకులోనే ఉంటుంది. పంపు మారిస్తే ట్యాంకు అడుగు కడిగించండి. ఆ మడ్డి అలాగే ఉంచి కొత్త పంపు దించితే ఏడాది తిరక్కుండా మళ్లీ అదే పాట. పాత పంపు అడిగి తెచ్చుకోండి.

సీఎన్‌జీ బండ్లవాళ్లకు ఒక మాట. గ్యాసు మీదే తిరుగుతున్నాం కదా అని ట్యాంకులో పెట్రోలు అడుగంటిస్తారు. చాలా సీఎన్‌జీ కార్లు స్టార్ట్ అయ్యేది పెట్రోలు మీదే. ఆ పంపును చల్లబరిచేదీ పెట్రోలే. పావు ట్యాంకు ఎప్పుడూ ఉండాలి. అలాగే ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణముంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పంపు పీల్చేదీ అడుగు నుంచే. నెలల తరబడి కదలని బండికి ఇది ముఖ్యం.

డీజిల్ బండ్ల మీద పైవన్నీ ప్రయోగించకండి. వాటి పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నట్టు వదులు చేస్తే చిమ్మిన డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి దిగుతుంది. మీరు చేయగలిగింది ఫిల్టరు కింది డ్రెయిన్ స్క్రూ విప్పి కాస్త డీజిల్ గాజు సీసాలోకి పట్టడమే, అదీ ఇంజిన్ ఆగి, చల్లారాక. పావుగంట కదల్చకుండా ఉంచితే నీరు అడుగున విడిగా తేలుతుంది. కనబడితే ఆ సీసాకు మూత పెట్టి, చివరిసారి పోయించిన బంకు బిల్లుతో పాటు దాచండి. బంకులో నీళ్లను పట్టే పేస్టు డిప్ రాడ్‌కు రాసి ట్యాంకులో ముంచుతారు; మీ ఎదుటే ముంచి చూపించమని అడగండి.