బెదురు కుక్కకు తగిన ఇల్లు

బదిలీల కాలం వచ్చిందంటే మన కాలనీలలో లారీలు బారులు తీరుతాయి. బీరువాలు, పూలకుండీలు, చివరకు తులసికోట సైతం బండి ఎక్కుతాయి. పెంపుడు కుక్క మాత్రం ఒక్కోసారి గేటు బయట మిగిలిపోతుంది. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలివేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమని ఎందరికి తెలుసునో!

అలా మిగిలిన ఒక నల్లకుక్కకు ఇల్లు వెదకవలసిన బాధ్యత మా మీద పడింది. ఇంట్లో పెద్దావిడకు ఉబ్బసం ఉన్నందున మేము ఉంచుకోలేని స్థితి. అది మహా పిరికిది. కుక్కరు ఈల వేస్తే వణికేది, ఎవరైనా చేయి ఎత్తితే నేలకు కరచుకొనేది.

మొదట ముగ్గురు పిల్లలున్న ఒక ఇంటికి ఇచ్చాము. “కాస్త బెదురు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది” అన్నాము. ఉన్నది ఉన్నట్టు చెబితే వద్దంటారేమోనన్న భయం మాది. పిల్లలు ప్రేమతోనే చుట్టూ మూగారు. మూడవనాడు చిన్నవాడు మంచం కిందికి చేయి చాపగా అది పళ్ళు చూపి ఎగబడింది. అదృష్టవశాత్తు గాటు పడలేదు. కుక్క తిరిగి వచ్చింది. వారిది ఏ తప్పూ లేదు, తప్పంతా మాదే.

రెండవసారి ఏదీ దాచలేదు. విన్నవారిలో చాలామంది వెనుదీశారు. చివరకు పదవీ విరమణ చేసిన దంపతులు ముందుకు వచ్చారు. పిల్లల సందడి లేని ఇల్లు, ఎత్తైన ప్రహరీ, అన్నిటికంటే ముఖ్యంగా నెమ్మదైన ఒక ముసలి కుక్క. వెంటనే అప్పగించలేదు. వారంపాటు సాయంత్రాలు ఆటస్థలం పక్కన రెండింటినీ దూరదూరంగా, తరువాత పక్కపక్కన నడిపించాము. దాని పాత దుప్పటి, రేబిస్ టీకా కార్డు వెంట పంపాము.

ఆ దంపతులు దానిని పిలువలేదు, నిమరలేదు. గది మూల దుప్పటి పరచి, అటు చూడకుండా కూర్చొని, పెరుగన్నం కాస్త దూరంగా పెట్టేవారు. బెదిరిన కుక్క కొత్తచోట పారిపోతుందని పెరట్లోకి కూడా గొలుసుతోనే తీసుకువెళ్ళేవారు. మనుషుల ఎదుట తినడానికి దానికి పదకొండు రోజులు పట్టింది, అదీ ముసలి కుక్క తినడం చూసి. దీపావళి రాత్రి కిటికీలు మూసి, రేడియో పెట్టి, ఇద్దరూ దాని గదిలోనే కూర్చున్నారట.

మొన్న చూడబోతే మా దగ్గరకు రాలేదు. ముసలి కుక్క వెనుక నిలబడి చూసింది. తోక కదిలిందని మాలో ఒకరు అంటారు, లేదని మరొకరు.