పొట్లంలో నిద్రపోయే పచ్చదనం

కార్తీకం వచ్చేసరికి జంపని చుట్టుపక్కల ఊళ్లలో పాత ఇటుక గోడలు పచ్చగా మెరుస్తుంటాయి. ఎవరూ నాటరు, నీళ్లు పోయరు. వేసవిలో మాడి మసైనట్టు కనిపించిన పొరే నాలుగు చినుకులు పడగానే లేచి కూర్చుంటుంది. చెరువులో తేలే నాచు వేరు, ఇది వేరు. భూతద్దం పెట్టి చూడండి... బుల్లి కాండం, ఆకులు, సన్నటి కాడ చివర ఆవగింజంత డబ్బీ! ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ‘ఫ్యునేరియా’ గుర్తొచ్చే ఉంటుంది. ఈ మాస్‌లకు దగ్గరి చుట్టాలు లివర్‌వర్ట్‌లు. వాటిలో రిక్సియా కోతలయ్యాక తడి ఆరని పొలాల్లో పచ్చటి బిళ్లలా నేలకు అతుక్కుని కనిపిస్తుంది.

గోడల మీద కొన్ని రకాలే. అసలు సంపదంతా కొండల్లోనే. అనంతగిరి, చింతపల్లి వైపు చెట్ల నీడన, వాగు రాళ్ల మీద వీటి రాజ్యం. ప్రపంచంలో ఈ జాతులు 20 వేల దాకా ఉంటాయని అంచనా.

మన తీరంలో మొక్కల సేకరణ చరిత్ర చిన్నదేం కాదు. లిన్నేయస్ దగ్గర చదివి, ఐస్‌లాండ్‌లో మొక్కలు ఏరి, 1768లో తరంగంబాడి చేరిన కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. ఆయన మిత్రుడు రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ మొక్కలను 300 చిత్రాల పుస్తకంగా తెచ్చాడు. తర్వాత గాంబుల్ 1915లో మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గ్రంథం ఆయన పోయాక 1936లో పూర్తయింది. అయితే అందులో పూల మొక్కలకే చోటు. పువ్వు పూయని పాపానికి నాచు గడప బయటే ఉండిపోయింది! దేశంలో వీటిని గట్టిగా పట్టించుకున్నది లాహోర్‌లో పనిచేసిన శివరాం కశ్యప్. పశ్చిమ హిమాలయాల లివర్‌వర్ట్‌ల మీద ఆయన పుస్తకాలు 1929, 1932లలో వచ్చాయి.

దాచే పద్ధతి మాత్రం మన కిరాణా కొట్టుదే. పూల మొక్కల్లా బరువు పెట్టి నొక్కి, అట్టకు అంటించక్కర్లేదు. నీడన ఆరబెట్టి, కాగితం మడిచి పొట్లం కడతారు. పైన ఊరు, ఎత్తు, తేదీ, సేకరించినవారి పేరు రాస్తారు. రాయి మీద దొరికిందా, బెరడు మీదా, మట్టిలోనా అన్నది తప్పనిసరి. ఆ చీటీ లేకపోతే పొట్లంలో ఉన్నది చెత్తే. డబ్బీ ఉన్న కాడలు ఏరుకోవాలి. దాని మూతి చుట్టూ ఉండే పళ్లను బట్టే చాలా జాతులను గుర్తుపడతారు. ఏళ్ల తర్వాత తీసి వేడినీటి చుక్క వేస్తే ముడుచుకున్న ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి.

ఎవరికి పనికొస్తాయంటారా? నాచుకు వేళ్లుండవు. వానలోంచి, గాలిలోంచే తిండి తీసుకుంటుంది. గాలిలో ఏముంటే అదీ ఒంట పట్టించుకుంటుంది. 1968లో స్వీడన్ శాస్త్రవేత్తలు రూలింగ్, టైలర్‌లు 1860 నుంచి దాచిన నాచు నమూనాలను పరీక్షించి, గాలిలో సీసం ఎలా పెరిగిందో లెక్కగట్టారు. వందేళ్ల కిందట పొట్లం కట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసా! మన కొండల మీద రేపు అలాంటి లెక్క వేయాలన్నా నిన్నటి పొట్లం ఉండాలి. చెట్టు కొట్టేస్తే దాని నీడన బతికే నాచు ఎండకు మాడి ముందే పోతుంది. పోయిందని చెప్పేవాళ్లూ ఉండరు.

బైపీసీ పిల్లలుంటే ఈ కార్తీకంలోనే మొదలుపెట్టించవచ్చు. పాత కాగితం, పెన్సిల్, భూతద్దం చాలు. గోడంతా గీకేయకుండా చిటికెడే తీయమనండి.