తెలియక చేసిన తప్పుకు ఎంత శిక్ష?
పర్యాటకులు, స్థానిక విశ్వాసాలు, చట్టం: ఒక విశ్లేషణ

పరాయి దేశంలో అక్కడివారి విశ్వాసాన్ని కించపరిచిన పర్యాటకుణ్ణి ఏం చేయాలి? క్షమాపణతో విడిచిపెట్టాలా, జైలుకు పంపాలా, దేశం నుంచి పంపివేయాలా? గత దశాబ్దిన్నర కాలంలో దక్షిణాసియాలోను, ఇరుగుపొరుగు దేశాల్లోను ఈ మూడూ జరిగాయి. ఆ ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, శిక్ష తప్పు తీవ్రతను బట్టి నిర్ణయమైందా అన్న సందేహం కలుగుతుంది.

శ్రీలంక: రెండు కేసులు

2012 ఆగస్టులో శ్రీలంకలోని గాలే నగరంలో ముగ్గురు ఫ్రెంచి పర్యాటకులు తమ ఫొటోలను ప్రింటు తీయించుకోవడానికి ఒక స్టూడియోకు ఇచ్చారు. వాటిలో బుద్ధ విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటున్నట్లున్న చిత్రాలు ఉండటంతో స్టూడియోవారు పోలీసులకు సమాచారమిచ్చారు. నేరం అంగీకరించిన పర్యాటకులకు న్యాయస్థానం ఆరు నెలల కఠిన కారాగార శిక్ష విధించి, దాని అమలును ఐదేళ్లపాటు నిలిపివేసింది.

2014 ఏప్రిల్‌లో కొలంబో విమానాశ్రయంలో దిగిన బ్రిటన్ మహిళ విషయం ఇంతకంటే క్లిష్టమైనది. ఆమె భుజం దిగువన పద్మంలో కూర్చున్న బుద్ధుడి పచ్చబొట్టు ఉంది. తాను బౌద్ధాన్ని ఆచరిస్తానని, గౌరవంతోనే దాన్ని పొడిపించుకున్నానని ఆమె చెప్పినా పోలీసులు వినలేదు. మేజిస్ట్రేటు ఆమెను స్వదేశానికి పంపివేయాలని ఆదేశించారు. జైలులోను, నిర్బంధ కేంద్రంలోను గడిపిన తరువాత ఆమెను దేశం నుంచి పంపేశారు. ఆమె శ్రీలంక సుప్రీంకోర్టునే ఆశ్రయించారు. అరెస్టుకు చట్టబద్ధమైన ఆధారం లేదని, ఆమె ప్రాథమిక హక్కులకు భంగం కలిగిందని 2017 నవంబరులో ఆ న్యాయస్థానం తేల్చి, పరిహారం, ఖర్చులు కలిపి 8 లక్షల శ్రీలంక రూపాయలు చెల్లించాలని తీర్పు చెప్పింది.

భక్తితో ధరించిన గుర్తును అవమానంగా చదివిన అధికారులదే అక్కడ తప్పయింది.

చట్టం అడిగే ప్రశ్న

ఈ ప్రాంతపు దేశాల చట్టాలకు మూలం దాదాపు ఒక్కటే. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఒరవడిలోనే 1883లో శ్రీలంక శిక్షాస్మృతి రూపొందింది. ఒకప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగమైన మయన్మార్‌కు అదే స్మృతి వారసత్వంగా వచ్చింది. మత విశ్వాసాలను అవమానించడాన్ని నేరంగా పరిగణించే 295ఎ సెక్షన్ మన స్మృతిలో 1927లో చేరింది. ఇప్పుడది భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షన్. గరిష్ఠ శిక్ష మూడేళ్లు.

అయితే ఆ సెక్షన్‌లోనే ఒక కీలకమైన షరతు ఉంది. అవమానం ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసినదై ఉండాలి. తెలియకనో, అజాగ్రత్తవల్లనో జరిగిన అవమానం దీని పరిధిలోకి రాదని మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1957లోనే రామ్‌జీలాల్ మోదీ కేసులో స్పష్టం చేసింది.

ఆచరణలో ఈ గీత తరచు చెరిగిపోతోంది. 2016లో మయన్మార్‌లోని మాండలేలో, రాత్రివేళ బౌద్ధ ప్రవచనం వినిపిస్తున్న యాంప్లిఫయర్ తీగను పీకేసిన డచ్ పర్యాటకుడికి మూడు నెలల జైలు శిక్ష పడింది. అది ప్రార్థనా కేంద్రమని తనకు తెలియదన్న అతని వాదన నిలవలేదు.

మన దేశంలోనూ ఇందుకు ఉదాహరణ ఉంది. 2015 అక్టోబరులో బెంగళూరులోని ఒక రెస్టారెంటులో, కాలిపై ఎల్లమ్మ పచ్చబొట్టు ఉన్న ఆస్ట్రేలియా యువకుణ్ణి కొందరు చుట్టుముట్టి బెదిరించారు. పోలీసు స్టేషనులో క్షమాపణ పత్రం రాసి ఇచ్చాకే అతడు బయటపడ్డాడు. తెలంగాణ పల్లెల్లోనూ ఇలవేల్పుగా కొలిచే ఆ అమ్మవారి రూపం మోకాలి దిగువన ఉండటమే అభ్యంతరం. పాదాల దరి దేవతారూపం ఉండరాదన్న భావన మనకు ఎవరూ చెప్పనక్కరలేనిది. వేరే సంస్కృతిలో పెరిగినవారికి ఎవరైనా చెబితే తప్ప తెలియనిది. అక్కడ చట్టం నోరెత్తకముందే గుంపు తీర్పు చెప్పేసింది.

నొప్పి నిజమే

దీనికి మరో పక్షం కూడా ఉంది. 2019 అక్టోబరులో భూటాన్‌లోని దోచులా కనుమ వద్ద ఒక భారతీయ బైకర్ చోర్టెన్‌పైకి ఎక్కి ఫొటో దిగాడు. అక్కడి 108 చోర్టెన్లు, 2003లో భారత వేర్పాటువాద సాయుధ ముఠాల శిబిరాలను తొలగించే పోరులో మరణించిన భూటాన్ సైనికుల స్మృతికి నిర్మించినవి. మనకోసం కూడా ప్రాణాలిచ్చినవారి స్మారకాన్ని మనవాడే తొక్కాడన్నమాట. భూటాన్ పౌరుల ఆగ్రహాన్ని అతిస్పందన అని కొట్టిపారేయలేం. డబ్బు తెచ్చే అతిథి కనుక ఏం చేసినా చెల్లుతుందన్న భావన స్థానికులను మరింత బాధిస్తుంది. అయినా అధికారులు అతణ్ణి విచారించి, క్షమాపణ తీసుకుని విడిచిపెట్టారు.

అదే ఏడాది ఇండొనేషియాలోని బాలిలో, ఆలయ పవిత్ర జలంతో వెకిలిగా ప్రవర్తించిన చెక్ జంట క్షమాపణ చెప్పి, గ్రామస్థులు నిర్వహించిన శుద్ధి కర్మలో పాల్గొంది. మైల పడిందని నమ్మినవారికి ఊరట కలిగింది; చేసినవారికి ఆ నీటి విలువ తెలిసింది. జైలు ఈ రెండింటిలో ఏదీ సాధించలేదు. ‘శిక్ష’ అన్న సంస్కృత పదానికి మూలార్థం నేర్పడమే. ‘శిక్షణ’లో ఆ అర్థం ఇంకా మిగిలే ఉంది.

బాలి 2023లో విదేశీ పర్యాటకులు చేయదగిన, చేయకూడని పనుల జాబితాను అధికారికంగా విడుదల చేసింది. ముందే చెప్పిన నియమాన్ని ఉల్లంఘించినవారిపై కఠినంగా వ్యవహరించే నైతిక హక్కు అప్పుడే ప్రభుత్వానికి దక్కుతుంది.

కాబట్టి శిక్షకు ముందు అడగవలసినవి మూడు. ఆ పని కావాలని చేసిందా? నియమం తెలుసుకునే వీలు పర్యాటకుడికి ఉందా? జరిగిన నష్టం సరిదిద్దగలిగేదా? విగ్రహాన్ని పగలగొట్టినవాణ్ణి, హెచ్చరించినా వినక పదేపదే అపచారం చేసేవాణ్ణి చట్టం కఠినంగా శిక్షించవలసిందే. తక్కినవారి విషయంలో క్షమాపణ, జరిమానా, నష్టపూరణ సరిపోతాయి. తీర్పు మాత్రం ఎప్పుడూ న్యాయస్థానానిదే కావాలి. ఏటా లక్షలాదిగా విదేశాలకు వెళ్తున్న భారతీయులకు ఈ కొలమానం రెండు విధాలా అవసరం: ఇక్కడ అతిథిని తూచేది, అక్కడ మనల్ని తూచేది ఒకే త్రాసు కావాలి.