ఓడకూ విమానానికీ మధ్య

ప్రయాణంలో చేతికి చిక్కిన తీరుబడి అప్పు తెచ్చిన సొమ్ములాంటిది. లెక్కలో చాలానే కనిపిస్తుంది. ఖర్చు పెట్టబోతే వుండదు. ఈ సంగతి నాకు మొన్న సెలవుల్లో కొచ్చిలో బోధపడింది.

కొచ్చి నుంచి లక్షద్వీపాలకు ఓడలు వెళతాయి. అమ్మ, మా ఆవిడ, అమ్మాయి, నేను, నలుగురం అయిదు రోజులు ఓడమీద తిరిగి ఓ ఉదయం ఎనిమిదింటికి కొచ్చి రేవుకు చేరాం. హైదరాబాదు విమానం సాయంత్రం నాలుగింటికి. అంటే ఎనిమిది గంటలు! కాలేజీలో టైంటేబిలు వేసేది నేనే కాబట్టి, ముందురోజు రాత్రే ఓడమీద కాగితమూ కలమూ తీసి కూర్చున్నాను. వాస్కోడగామా సమాధి, చీనా వలలు, యూదుల ప్రార్థనాలయం, మట్టాంచేరి ప్యాలెస్ - వరసగా పీరియడ్లు వేసేశాను.

"ఆ ప్యాలెస్‌లో ఏముందిరా?" అని అడిగింది అమ్మ.

"గోడలమీద రామాయణం బొమ్మలమ్మా. రాజుగారి పడకగదిలో దశరథుడి యజ్ఞం మొదలుకొని రాముడు తిరిగి అయోధ్యకు రావటం దాకా వేశారు."

"నాకది చూపించు, చాలు."

"దారిలోదే. చివర చూద్దాం" అన్నాను. ఆ 'చివర' అన్న చోటే దెబ్బ తిన్నాను.

ఓడ ఆగటం వేరు, ఓడ దిగటం వేరు. బారులో నిలబడి, సామాను విడిపించుకొని, బేరమాడి కారు కుదుర్చుకునేసరికి తొమ్మిదిన్నర. డ్రైవరు నాకంటే మంచి లెక్కల మాస్టారు. విమానాశ్రయం నెడుంబాశ్శేరిలో వుంది, గంటన్నర దారి. రెండు గంటల ముందే అక్కడ వుండాలి. కనుక పన్నెండున్నరకల్లా బయలుదేరాలి అన్నాడు. నా ఎనిమిది గంటలూ మూడై కూర్చున్నాయి.

మేము దిగిన విల్లింగ్డన్ దీవిలో చాలాభాగం మనుషులు చేసిన నేల. 1920లో కొచ్చికి వచ్చిన రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ఓడలు లోపలికి రావటానికి సముద్రపుటడుగు తవ్వించి, ఆ మట్టితోనే దీన్ని పోయించాడు. ఈ కథ మావాళ్ళకు చెబుతూండగానే కారు ఫోర్టు కొచ్చి చేరింది.

1524లో క్రిస్మస్ ముందురోజున వాస్కోడగామా కొచ్చిలో కన్నుమూస్తే, సెంట్ ఫ్రాన్సిస్ చర్చిలో పాతిపెట్టారు. పధ్నాలుగేళ్ళ తరవాత ఆ అవశేషాలను పోర్చుగల్‌కు తీసుకుపోయారు. ఇప్పుడు నేలమీద ఒక రాయి, దాని చుట్టూ కటకటాలూ వున్నాయి. అది చూడటానికి అయిదు నిమిషాలు చాలు. కానీ గోడపొడుగునా డచ్చివాళ్ళ సమాధిరాళ్ళు నిలబెట్టి వున్నాయే! తెలుగు ఎమ్మే చదివినవాడికి డచ్చి రాతలతో పనేమిటని అడగకండి. రాతిమీద అక్షరం కనబడితే నా కాళ్ళు కదలవు. ఒక్కొక్క పేరూ, సంవత్సరమూ కూడబలుక్కుంటూ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. తల యెత్తేసరికి గంట గడిచింది.

బెంచీమీద కూర్చున్న అమ్మ అడిగింది: "ఆ దొర ఇప్పుడిక్కడ లేడన్నమాట?"

"లేడమ్మా, ఎప్పుడో తీసుకుపోయారు."

"మరి గంటనుంచీ ఎవర్ని చూస్తున్నావురా?"

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చీనా వలలు మాత్రం అందరికీ నచ్చాయి. పెద్ద పెద్ద దూలాలకు కట్టిన వల నీళ్ళలోకి వంగుతుంది; కాసేపటికి నలుగురైదుగురు తాళ్ళు పట్టి లాగితే, రెండో కొసకు వేలాడగట్టిన బండరాళ్ళ బరువుతో పైకి లేస్తుంది. దీన్ని మలయాళంలోనూ 'వల' అనే అంటారని చెబితే అమ్మ సంతోషించింది. ఒక పెద్దాయన మా అమ్మాయి చేతికి తాడు కూడా ఇచ్చాడు. అక్కడ ముప్పావుగంట. తరవాత మా ఆవిడ ఏలకులూ మిరియాలూ కొన్నది. ఆ ఆలస్యం ఆవిడమీదికి తోసేద్దామనుకున్నాను గాని, నోటుబుక్కు నా చేతిలోనే వుంది.

యూదుల ప్రార్థనాలయం పీరియడు ఎగిరిపోయింది. కారు ప్యాలెస్ ముందు ఆగేసరికి పన్నెండూ ఇరవై అయిదు. టిక్కెట్ల దగ్గర బడిపిల్లల బారు. డ్రైవరు ఏమీ అనకుండా చేతి గడియారం చూపించాడు. నేను అమ్మ వంక చూశాను. అమ్మ కారు కిటికీలోంచి ఆ సున్నపు గోడలవంక చూస్తోంది.

"పోనీలే నాయనా. విమానం తప్పితే నలుగురి టిక్కెట్లూ దండగ" అన్నది.

రెండు గంటలకు విమానాశ్రయంలో వున్నాం. రెండూ పదికి తెలిసింది, మా విమానం రెండు గంటలు ఆలస్యమని. ఆ రెండు గంటలూ కుర్చీల్లో కూర్చుని గోడలు చూశాం. వాటిమీద రామాయణం లేదు.

"మళ్ళీ వద్దామమ్మా. ఈసారి నేరుగా అక్కడికే" అన్నాను.

"నువ్వు వస్తావులే" అన్నది అమ్మ. 'వస్తాం' అనలేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఏ మాట వాడాలో ఆవిడకు తెలుసు. నేనే పిల్లలకు వ్యాకరణం చెబుతూ వుంటాను.

చదువరులకు నా మనవి ఒక్కటే. ఓడకూ విమానానికీ మధ్య మీకు ఎన్ని గంటలు దొరికినా, అందులో సగం మీవి కావనుకోండి. మిగిలిన సగంలో పెద్దవాళ్ళు నోరు తెరిచి అడిగినది ముందు చూపించండి. సమాధులకు తొందర లేదు. అవి ఆగుతాయి.