దంపతుల దేశాటనం: వెంట తెచ్చుకొనేందుకా, విడిచి వచ్చేందుకా?

ఉద్యోగాలు విడిచి, వీపున చెరొక సంచి తగిలించుకొని, నెలల తరబడి దేశదేశాలు సంచరించే యువదంపతులు నేడు తెలుగు కుటుంబాలలోనూ కనిపిస్తున్నారు. నేపాలు, థాయిలాండు, వియత్నాం, జార్జియా: ఒక దేశపు వీసా గడువు తీరేలోగా మరొక దేశం. ఇది గృహస్థధర్మ పరిత్యాగమని పెద్దలు నొచ్చుకొంటారు. సంసారభారం మీదపడక ముందే లోకం చూడాలని పిల్లలు బదులిస్తారు. ఒకరికి ఇల్లు విడవడమే దోషం, మరొకరికి ఇల్లు విడవడమే స్వేచ్ఛ. మన ఇతిహాసాలనూ ఆచారాలనూ పరిశీలిస్తే, నిర్ణయించవలసిన విషయం వేరొకటి ఉన్నదని తెలుస్తుంది: ఆ దంపతులు దారిలో దేనిని ఆశించారు, దేనిని విడువగలిగారు?

దంపతులు కలిసి ఇల్లు దాటడం ధర్మవిరుద్ధం కాదు. మన వివాహంలో సప్తపదికి ఉన్న ప్రాధాన్యం అందరికీ తెలిసినదే. దాంపత్యం కలిసి నడవడంతోనే ఆరంభమవుతుంది. మనుస్మృతి ఆరవ అధ్యాయం వానప్రస్థునికి భార్యను పుత్రుల సంరక్షణలో ఉంచి గానీ, వెంట తీసుకొని గానీ వనానికి వెళ్ళే వీలు కల్పించింది. అంటే గృహం స్థావరమైనా, సహధర్మం జంగమమే.

ఈ సహధర్మానికి మహోన్నతమైన ఉదాహరణ గోదావరీతీరంలోనే ఉంది. భద్రాచలం నుండి చర్ల వైపు సాగే ప్రాంతంలో, దుమ్ముగూడెం మండలంలో, భద్రాద్రికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన పర్ణశాల ఉంది. సీతారాములు వనవాసకాలంలో నివసించినది ఇక్కడేనని స్థలపురాణం. సీతమ్మ చీరలు ఆరవేసిన ఆనవాళ్ళని అక్కడి రాళ్ళమీది చారలను భక్తులకు చూపుతారు. పంచవటి నాసిక్ వద్ద ఉన్నదనే సంప్రదాయమూ ఉన్నది. ఆ వివాదం ప్రస్తుతాంశానికి అవసరం లేదు. రాజదంపతులు చీరలు తామే ఉతికి ఆరవేసుకొన్నారన్న భావనను ఇక్కడి భక్తులు తరతరాలుగా రాతిమీద చూచి నమస్కరిస్తున్నారన్నదే గమనించదగినది.

వాల్మీకి చిత్రించిన ఆ యాత్ర తీరు ఆలోచించదగినది. బయలుదేరే ముందు సీతారాములు తమ ధనరత్నాలను పంచిపెట్టారు. దండకలో ఋష్యాశ్రమాల నడుమ పది సంవత్సరాలు గడిపారు: ఒకచోట పది నెలలు, ఒకచోట సంవత్సరం, మరొకచోట నాలుగు నెలలు. ఎన్ని స్థలాలు చూశామన్న లెక్క వారికి లేదు. ఒక్కొక్క ఆశ్రమంలో అక్కడివారి జీవనంలో కలిసి ఉన్నారు. ఆ మార్గంలోనే, అరణ్యకాండ తొమ్మిదవ సర్గలో, సీత భర్తకు ధర్మం బోధించింది. వైరం లేకుండా హింసకు పూనుకోవడం తగదని, ఆయుధం చేతనుండగా మనస్సు కూడా దానికి అనుగుణంగా మారుతుందని, ఖడ్గాన్ని దాచే పని మీదపడి తపస్సు పోగొట్టుకొన్న ఒక మునికథ చెప్పి మరీ హెచ్చరించింది. రాముడు ఆమె మాటను స్నేహవచనంగా గ్రహించి, మునులకిచ్చిన ప్రతిజ్ఞను వివరించాడు. అలసటలో, అపరిచిత ప్రదేశంలో, ఇంత నిర్భయంగా ఒకరికొకరు సత్యం చెప్పుకోగలగడమే సహయాత్రకు ప్రథమఫలం.

ఆ యాత్ర దుఃఖం వైపు తిరిగిన క్షణం మరింత సూక్ష్మమైనది. బంగారు లేడిని చూచిన సీత, అది సజీవంగా దొరికితే వనవాసం ముగిసిన తరువాత అంతఃపురానికి అలంకారమవుతుందని అన్నది. రాముడూ ఆ రూపానికి ముగ్ధుడయ్యాడు. అది మారీచుని మాయ అని లక్ష్మణుడు చెప్పినా ఆ మాట నిలువలేదు. ఇది కేవలం స్త్రీచాపల్యంగా చదివేవారు కథను చిన్నది చేస్తున్నారు. ఎన్నో ఏండ్లు అడవిని అడవిగా చూచిన దంపతుల మనస్సులో, ఆ అడవిలోని అందాన్ని ఇంటికి పట్టుకెళ్ళి పదిమందికి చూపాలన్న తలంపు పుట్టిన క్షణమది. నేటి యాత్రికుని చేతిలోని ఫోను ఆ లేడివేట వంటిదే. సూర్యోదయాన్ని చూచే ముందే దానిని ఎవరికి చూపాలో ఆలోచిస్తున్న మనస్సు, ఎన్ని దేశాలు తిరిగినా లేడి వెంటనే పరుగెత్తుతోంది.

దీనికి ప్రతిగా మన తీర్థయాత్రాసంప్రదాయం దంపతులకు విడవడం నేర్పింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుండి సకుటుంబంగా, సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. నైజాము, నాగపురం, కుంఫిణీ రాజ్యాల మీదుగా సాగిన ఆ పయనం అప్పటి లెక్కలో పరదేశాటనమే. అటువంటి యాత్రలో దంపతులకు ముఖ్యమైన క్రియలలో ఒకటి ప్రయాగలో వేణీదానం. భర్త స్వయంగా భార్యకు జడ అల్లి, దాని కొస కత్తిరించి త్రివేణికి సమర్పిస్తాడు. కాశీలో తమకు ఇష్టమైన ఒక కాయనో పండునో వదలి వచ్చే ఆచారమూ ఉంది. జాడీలో గంగాజలం ఇంటికి వస్తుంది, నిజమే. కానీ దానిని పదిమందికి పంచడానికే తెస్తారు.

యాత్రకు తల్లిదండ్రుల సేవ, జీవిక అడ్డుకావా అన్న ప్రశ్న న్యాయమైనదే. కొచ్చిలో చిన్న టీకొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులు కూడబెట్టిన సొమ్ముతో, చాలనప్పుడు అప్పుతో, 26 దేశాలు చూశారు. ప్రతిసారీ తిరిగివచ్చి, అదే పొయ్యి ముందు నిలబడి అప్పు తీర్చారు. 2021లో విజయన్ మరణించేవరకు వారి గృహస్థధర్మం, దేశాటనం ఒకదానినొకటి పోషించాయి. ఇంట వృద్ధులు మంచాన ఉండగా, వారి భారం తోబుట్టువుల మీద నెట్టి సాగే సంచారానికి మాత్రం ఏ తత్త్వమూ ఆశ్రయమివ్వదు.

మరొక ఋణమూ ఉన్నది. అన్ని ఆశ్రమాలవారికీ గృహస్థుడే ఆధారమని స్మృతులు చెబుతాయి. దేశాటనంలోని దంపతులు దారి పొడుగునా ఎవరో ఒకరి ఇంటి పొయ్యి మీద, ఎవరో ఒకరి ఓర్పు మీద ఆధారపడతారు. ఆ ఋణం తీరేది తమ గుమ్మం ముందు నిలిచిన అపరిచితుని ఆదరించినప్పుడే. చర్ల అడవులకు ఆవల ఛత్తీస్‌గఢ్ ఉంది. 2005 తరువాత బస్తరు ప్రాంతపు హింసకు భయపడి ఎన్నో గుత్తికోయ కుటుంబాలు ఆ సరిహద్దు దాటి ఈవలి అడవులలో తలదాచుకొన్నాయి. భార్యాభర్తలు, పిల్లలు, నెత్తిన మూట: చూడటానికి అదీ ప్రయాణమే. కానీ వారికి తిరుగు టికెట్టు లేదు, ఆవల ఎదురుచూచే ఇల్లూ లేదు. విదేశంలో తనకు మంచినీళ్ళిచ్చిన వృద్ధురాలిని జీవితాంతం స్మరించే యాత్రికుడు, స్వదేశంలో ఈ మూట మోసేవారిని ఆక్రమణదారులుగా మాత్రమే చూస్తే, అతని యాత్ర కాళ్ళకే గానీ హృదయానికి అందలేదు.

కనుక యువదంపతులు వెళ్ళదలిస్తే పెద్దలు ఆశీర్వదించి పంపడమే ఉచితం. పంపేటప్పుడు ఒక నియమం మాత్రం అడగవచ్చు: అడుగుపెట్టిన ప్రతి దేశంలోనూ తమలోని ఒక్క అభిమానాన్నైనా, ఒక్క అలవాటునైనా విడిచి రమ్మని. సంచీ బరువు తగ్గిందో లేదో విమానాశ్రయపు తూకం చెబుతుంది. అహంకారం బరువు తగ్గిందో లేదో, ఇల్లు చేరిన మరునాడు వచ్చిన మొదటి అతిథికి తెలుస్తుంది.