ఏ నుడిలో చెప్పుకోవాలి?

అత్యాచారానికి గురైన స్త్రీ తన అనుభవాన్ని తన చేతితో రాసుకోవాలనీ, మనసుకు ఇష్టమైతే తాను నమ్మిన నలుగురి ముందు చదువుకోవాలనీ నేను కొన్నేళ్లుగా అంటున్నాను. అన్న ప్రతిసారీ మన సరిహద్దు తెలుగు సంఘాల పెద్దలనుండి ఒకే సమాధానం వస్తున్నది: “ఇది భాషోద్యమం తల్లీ, ఆ సంగతులకు వేరే వేదికలున్నాయి. పైగా పొరుగు భాషలవారి నడుమ బతుకుతున్నవాళ్లం, మన పరువు మనమే తీసుకోరాదు.” ఈ సమాధానాన్ని నేను అంగీకరించను.

పరువు ఎవరిది? నేరం చేసినవాడు నడివీధిలో తలెత్తుకు తిరుగుతుండగా, గాయపడిన ఆడబిడ్డ నోరు నొక్కి నిలుపుకొనే పరువు మన జాతికి అక్కరలేదు. సొహైలా అబ్దులాలి 1980లో, 17 ఏళ్ల వయసున, బొంబాయిలో సామూహిక అత్యాచారానికి గురయ్యారు. 1983లో ‘మానుషి’ పత్రికలో ఆ సంగతిని సొంత పేరుతో రాశారు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరం తరువాత ఆ పాత వ్యాసం మళ్లీ జనంలోకి వచ్చింది. 2018లో ఆమె ఈ విషయంపై ఒక పుస్తకమే వెలువరించారు. అందరూ పేరు పెట్టుకోనక్కరలేదు. బాధితురాలి పేరును ఆమె అనుమతి లేకుండా ఇతరులు ప్రకటించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారం నేరం. చెప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది, సంఘం పెద్దలది కాదు.

రాస్తే ఒరిగేదేమిటని అడిగేవారున్నారు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్‌తో కలిసి 1986లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. కళాశాల విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను కలచివేసిన ఘటనలను గురించి రాశారు. రాసిన వెంటనే వారి మనసు మరింత కుంగింది. కాని జరిగినదానితోపాటు తమ భావాలను కూడా రాసినవారు తరువాతి నెలల్లో వైద్యుని దగ్గరకు వెళ్లడం తగ్గింది. ఆ మేలు స్వల్పమేననీ, అందరికీ ఒకే తీరుగా ఉండదనీ తరువాతి పరిశోధనలు చూపాయి. కనుక రాత వైద్యానికి బదులు కాదు. రాయమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు, నాకూ లేదు. రాస్తూ ఉండగా ఊపిరాడకపోతే కలం కింద పెట్టవలసిందే.

ఇక భాష మాట. హోసూరు పిల్ల బడిలో తమిళం నేర్చింది, బళ్లారి పిల్ల కన్నడం, రాయగడ పిల్ల ఒడియా. తమిళనాట 2006 నాటి చట్టం తరువాత తెలుగు అక్షరాలు దిద్దని తరమే పెరిగింది. కాని భయం, అసహ్యం, ఒంటి నొప్పి ఈ పిల్లలకు అమ్మనుడిలోనే తెలుసు. బడి భాషలో రాయబోతే అర్జీలా వస్తుంది. తెలుగులో రాయబోతే అక్షరం రాదు. అయితే కన్నడ లిపిలోనే తెలుగు రాయనివ్వండి, తమిళ అక్షరాలతోనే రాయనివ్వండి. రాయలేనివాళ్లను చెప్పుకోనివ్వండి. ఆ కాగితం మీద ఒత్తులు దిద్దడానికి ఎర్ర కలం తీసే పండితుణ్ణి మాత్రం గడప తొక్కనివ్వకండి!

న్యాయస్థానంలోనూ ఇదే గొడవ. సాక్షి న్యాయస్థానపు భాష కాక వేరొక భాషలో చెబితే, వీలైనచోట ఆ భాషలోనే నమోదు చేయవచ్చుననీ, వీలుకాకపోతే సరైన అనువాదం తయారుచేయాలనీ పాత నేర ప్రక్రియా స్మృతి 277వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుండి అమలైన నాగరిక సురక్షా సంహితలోనూ ఆ నియమం ఉన్నది. బస్సు బోర్డుల మీద తెలుగు కోసం ధర్నాలు చేశాం, మంచిదే. తెలుగు తప్ప వేరు తెలియని తల్లి, తన కూతురి సంగతి వేరే లిపిలో రాసిన కాగితంపై వేలిముద్ర వేస్తుంటే ఏ సంఘం వెంట నిలిచింది? ఇది భాషా హక్కు కాకపోతే మరేది?

నా కోరికలు పెద్దవి కావు. ప్రతి సంఘ భవనంలో నెలకొక మధ్యాహ్నం ఒక గదిని ఆడవాళ్లకు వదలండి. మగవారు ఆవలికి వెళ్లాలి, విన్నది బయట పొక్కరాదు. చెప్పుకొన్నది 18 ఏళ్లు నిండని బిడ్డ అయితే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం విన్నవారి విధి. ఆ మాట ముందే చెప్పి కూర్చోబెట్టాలి. ఠాణాకు, కోర్టుకు తోడువెళ్లి తెలుగులో వివరించగల ఇద్దరు స్త్రీలను ప్రతి శాఖ సిద్ధంగా ఉంచాలి. రానున్న మహాసభలో ఈ తీర్మానం నేనే ప్రవేశపెడతాను. వ్యతిరేకించేవారు లేచి నిలబడి, కారణం తెలుగులో చెప్పండి.