బావి నీటిలోనే వేడి.. వాడుకునే తీరులోనే కిటుకు

హీట్‌పంపు కొనడం సులువు.. నిర్వహణే అసలు పరీక్ష

ఉట్నూరు: చలికాలం వచ్చిందంటే ఆదిలాబాద్ ఏజెన్సీలోని వసతి గృహాల పిల్లలకు తెల్లవారుజాము స్నానం ఓ పరీక్షే. రాత్రి ఉష్ణోగ్రత తరచూ పది డిగ్రీల దిగువకు జారే ఈ ప్రాంతంలో వేడి నీటికి కట్టెల పొయ్యి, ఇమ్మర్షన్ రాడ్, పైకప్పు మీద సౌర హీటరు.. ఇవే తెలిసిన దారులు. మొదటిది అడవిని తింటుంది. రెండోది బిల్లు పెంచడమే కాక షాక్ ప్రమాదాన్నీ వెంట తెస్తుంది. మూడోది మబ్బు పట్టిన రోజు మొరాయిస్తుంది. ఈ నేపథ్యంలో ఐరోపాలో భవనాలను వెచ్చబరుస్తున్న నీటి ఆధారిత హీట్‌పంపులు మనకు ఏ మేరకు అక్కరకు వస్తాయన్నది పరిశీలించదగిన అంశం.

నది నుంచి భవనానికి..

ఇది కొత్త విద్య కాదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ టౌన్‌హాలులో 1938లోనే లిమ్మాట్ నది నీటి నుంచి వేడిని గ్రహించే హీట్‌పంపును నెలకొల్పారు. అది ఆరు దశాబ్దాలకు పైగా పనిచేసింది. 2001లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. డెన్మార్క్‌లోని ఎస్బియర్ రేవు పట్టణంలో బొగ్గు విద్యుత్ కేంద్రం 2024లో మూతపడింది. అక్కడ సముద్రపు నీటి నుంచి వేడిని తీసే భారీ హీట్‌పంపులను అమర్చారు. దాదాపు 25 వేల ఇళ్లకు సరిపడే వేడిని అందించేలా వాటిని రూపొందించారు.

చల్లని నీటిలో వేడి ఎక్కడిదన్న సందేహం సహజం. ఇంట్లోని ఫ్రిజ్ వెనుక చేయి పెడితే వేడి తగులుతుంది. లోపలి పదార్థాల నుంచి లాగిన వేడే అది. హీట్‌పంపుదీ ఇదే సూత్రం. తక్కువ ఉష్ణోగ్రతకే ఆవిరయ్యే ద్రవం నీటిలోని వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అదిమినప్పుడు దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఆ వేడిని స్నానపు నీటికో, గదులకో మళ్లిస్తారు. కరెంటు వేడిని పుట్టించడానికి కాక తరలించడానికి ఖర్చవుతుంది కనుకే, ఒక యూనిట్ కరెంటుకు మూడు నాలుగు యూనిట్ల వేడి దక్కుతుంది.

లెక్క వేసి చూస్తే..

200 మంది విద్యార్థులున్న వసతి గృహాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కొక్కరికి 15 లీటర్ల చొప్పున 3 వేల లీటర్ల నీటిని 25 నుంచి 45 డిగ్రీలకు వేడి చేయాలంటే సుమారు 70 యూనిట్ల వేడి కావాలి. ఇమ్మర్షన్ రాడ్లతోనైతే 70 యూనిట్ల కరెంటూ కాలుతుంది. హీట్‌పంపుకు 20 యూనిట్లు చాలు. ట్యాంకు, గొట్టాల్లో పోయే వేడి, బోరు మోటారుకయ్యే కరెంటు దీనికి అదనం. అయినా ఆదా స్వల్పమేమీ కాదు.

మిగతా 50 యూనిట్ల వేడి నీటి నుంచే రావాలి. ఆ నీటిని 5 డిగ్రీల మేర చల్లబరిస్తే, రోజుకు సుమారు 8,600 లీటర్లు యంత్రం గుండా ప్రవహించాలి. ఆ నీరు తరిగిపోదు. చల్లబడి బయటికి వస్తుంది, అంతే. దాన్ని బట్టలు, పాత్రలు కడగడానికో, తోటకో వాడుకోవచ్చు. లేదా తిరిగి బావిలోకి పంపవచ్చు. కాలువలోకి వదిలేస్తే మాత్రం కరెంటు ఆదా పేరిట భూగర్భ జలాన్ని పారబోసినట్లే. చిన్న సంపులోకే మళ్లీ మళ్లీ పంపితే నీరు చల్లబడుతూ పోయి, యంత్రం నుంచి దక్కే ఫలితం పడిపోతుంది.

ఒక సానుకూలతను మాత్రం ప్రస్తావించక తప్పదు. వేడి నీటి అవసరం డిసెంబరు, జనవరి నెలల్లో అధికం. వానాకాలం ముగిశాక బావుల్లో నీరు ఉండే రోజులూ అవే. బావులు ఎండే వేసవిలో యంత్రంతో పని తక్కువ. దీనికోసమే కొత్త బోరు తవ్వాలనుకుంటే 2002 నాటి వాల్టా చట్టాన్ని గుర్తుంచుకోవాలి. ఉన్న బావినో, బోరునో వాడుకోవడమే మేలు.

అసలు చిక్కు నిర్వహణలోనే..

మా ప్రాంతంలోని ఒక వసతి గృహం పైకప్పు మీద సౌర హీటరు కొన్నేళ్లుగా మూలన పడి ఉంది. గొట్టాల్లో సున్నం పేరుకుపోయిందని, శుభ్రం చేయించే నాథుడే లేకపోయాడని సిబ్బంది వాపోతున్నారు. కింద మళ్లీ కట్టెల పొయ్యే వెలుగుతోంది. హీట్‌పంపుకూ ఇదే గతి పట్టదన్న భరోసా లేదు.

ఉప్పు నీటి బోర్లున్న చోట, గంగాళం అడుగున పేరుకునే తెల్లని పొరే యంత్రంలోని సన్నని దారుల్లోనూ పేరుకుంటుంది. వేడి అందడం తగ్గి కరెంటు ఖర్చు పెరుగుతుంది. ఇసుక, నాచు చేరితే ప్రవాహమే ఆగిపోతుంది. కాబట్టి అమర్చే ముందే నీటి పరీక్ష చేయించాలి. ఫిల్టరును తరచూ కడగాలి. యంత్రంలోకి వెళ్లే, బయటికి వచ్చే నీటి ఉష్ణోగ్రతలను రోజూ పుస్తకంలో రాయాలి. ఆ రెండు అంకెల్లో తేడా వచ్చిందంటే జబ్బు మొదలైనట్లే. ఈ పనికి ఇంజినీరు అక్కర్లేదు. బాధ్యత అప్పగించిన ఒక మనిషి చాలు.

నమ్మకమైన నీటి వనరు లేని చోట గాలి నుంచి వేడి తీసే హీట్‌పంపు ఉత్తమం. మన దగ్గర చలికాలంలోనూ మధ్యాహ్నపు గాలి వెచ్చగానే ఉంటుంది. అప్పుడు యంత్రాన్ని నడిపి, వేడి ఆరిపోని ట్యాంకులో నీటిని నిల్వ చేస్తే తెల్లవారుజామున అందుతుంది. ఏ ఊరికి ఏది తగునో తేల్చకుండా అన్ని చోట్లకూ ఒకే యంత్రాన్ని కొంటే ప్రజాధనం వృథా కాక మానదు.

జ్యూరిక్ యంత్రం అరవై ఏళ్లకు పైగా నిలిచిందంటే, దాన్ని పట్టించుకున్న చేతులు అక్కడ ఉండబట్టే. ఇక్కడ టెండరు పత్రాల్లో యంత్రం ధరతో పాటు కనీసం ఐదేళ్ల నిర్వహణనూ చేర్చాలి. ముందుగా ఒక్క వసతి గృహంలో అమర్చి, ఒక చలికాలం గడిచాక బిల్లులను, బావి నీటిమట్టాన్ని సరిచూడాలి. అధికారులు ఆ దిశగా ఆలోచిస్తేనే బావి నీటిలోని వేడి పిల్లల బకెట్ల దాకా చేరుతుంది. లేదంటే పైకప్పు మీది హీటరుకు తోడుగా మరో ఇనుప పెట్టె తుప్పు పడుతుంది.